నోట్లో నాలుగు మాత్రలు

రోజారమణి నోటి గురించి ముందు చెప్పాలి. లేకపోతే ఆ అరగంట ఎంత గొప్పదో అర్థం కాదు.

నర్సీపట్నం అవతల ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో నలభై మంది ఆడవాళ్ళు పప్పు మీద పొర తీస్తారు. జీడి సొన తగిలి వేళ్ళు నల్లగా పొక్కిపోయి ఉంటాయి. అక్కడ బాత్రూం తలుపుకి మూడేళ్ళు గడియ లేదు. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు లాగి పట్టుకుని నిలబడేవారు. సూపర్‌వైజరు ఇవాళ రేపు అంటూ నెట్టుకొచ్చాడు. ఒకరోజు రోజారమణి ఆఫీసు గదిలోకి వెళ్ళి, ఆ గది గడియ స్క్రూడ్రైవరుతో ఊడదీసి చేత్తో పట్టుకుని వచ్చింది. "మీకు దీంతో పనేటండీ, మాకు కావాల" అంది. మధ్యాహ్నానికల్లా బాత్రూముకి కొత్త గడియ పడింది.

ఇరవై ఆరేళ్ళ మనిషి. టెన్త్ తప్పింది. మాటకి మాట తగిలించకుండా ఊరుకోవడం ఎవరూ చూడలేదు. అలాంటిది తన మీద పడ్డ అన్నింటికన్నా పెద్ద నిందకి ఒక్క మాట తిరిగి అనకుండా కూర్చుంది.

తొమ్మిదో వారంలో ఆమె కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం మానేసింది. రక్తం పడలేదు, నొప్పి రాలేదు. లోపల పోయింది, బయటికి రాలేదు. ఇలా కూడా జరుగుతుందని మన బళ్ళలో చెప్పరు, ఇళ్ళలో అసలే చెప్పరు. నర్సీపట్నం సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాన్ చూసి తేల్చి చెప్పింది. చెప్పి, ఓపీ చీటీ వెనక్కి తిప్పి మూడు గీతలు గీసింది.

"మూడు దారులున్నాయమ్మా. దానంతట అదే వస్తుందేమో కొన్నాళ్ళు చూడొచ్చు. మాత్రలు వేసుకుని ఇంట్లోనే కానివ్వొచ్చు. లేదా ఇక్కడ మత్తిచ్చి మిషనుతో తీస్తాం. ఒక్కోదాంట్లో ఏమవుతుందో చెప్తాను. విన్నాక నీకేది కావాలో నువ్వు చెప్పు."

నీకేది కావాలి అని ఆసుపత్రిలో ఆమెని ఒకరు అడగడం అదే మొదలు. రెండేళ్ళ కిందట మొదటి కడుపు పోయినప్పుడు ఎవరూ అడగలేదు. అప్పుడు ఒక నర్సింగ్ హోములో బల్ల ఎక్కించి, మత్తు సరిగా పట్టకముందే కడగడం మొదలుపెట్టారు. అరిస్తే ఆయా నవ్వి, "మొగుడి పక్కన అరిచావా ఇలాగ" అంది. ఆ మాట అన్నవాళ్ళు మరిచిపోతారు. బల్ల మీద ఉన్నవాళ్ళు మరిచిపోరు.

రోజారమణి పదకొండు ప్రశ్నలు అడిగింది. డాక్టరమ్మ పదకొండింటికీ జవాబు చెప్పింది. బయట వరసలో జనం గొణిగారు. గొణగనీ. మన దగ్గర ఒక ఆడమనిషికి పావుగంట ఇవ్వగలిగిన డాక్టరు దొరకడం ఎంత కష్టమో వరసలో ఉన్నవాళ్ళకీ తెలుసు.

"మాత్రలేనండి" అంది చివరికి. "ఇంట్లోనేనండి."

మొదటి మాత్ర డాక్టరమ్మ ఎదుటే మింగింది. రెండు రోజుల తర్వాత ఇంటి దగ్గర నాలుగు మాత్రలు. మింగకూడదు. బుగ్గకీ చిగురుకీ మధ్య ఈ పక్క రెండు, ఆ పక్క రెండు పెట్టుకుని అరగంట అలాగే ఉంచాలి. తర్వాత మిగిలింది నీళ్ళతో మింగెయ్యాలి. పెద్ద మనిషి ఒకరు తోడుండాలి. పిలిస్తే వచ్చే ఆటో ఉండాలి.

"ఆ అరగంట మాట్లాడకు" అంది డాక్టరమ్మ. "కదిలిస్తే కరగకముందే గొంతులోకి జారతాయి. సరిగా పనిచెయ్యకపోతే మళ్ళీ ఇక్కడికి రావాలి. అప్పుడు మిషను తప్పకపోవచ్చు."

మళ్ళీ బల్ల ఎక్కకూడదు. రోజారమణి పట్టుకున్న మాట అదొక్కటే.

గురువారం పొద్దున్న పది గంటలకి ఆశా కార్యకర్త అప్పలలక్ష్మి వచ్చింది. మాకవరపాలెం రోడ్డు వైపు ఆ వీధుల్లో ఎవరికి ఎన్నో నెల, ఎవరికి బీపీ, ఎవరు ఐరన్ మాత్రలు కోళ్ళకి వేస్తున్నారు, అన్నీ నోటికి చెప్తుంది. ఫోనులో అరగంటకి అలారం పెట్టి మంచం పక్కన కూర్చుంది. రోజారమణి మాత్రలు పెట్టుకుంది. సున్నం నమిలినట్టుంది కాబోలు, ముఖం చిట్లించింది.

"బావుంటాయా?" అంది అప్పలలక్ష్మి. "జీడిపప్పు అనుకో."

రోజారమణి కళ్ళతోనే తిట్టింది.

పొయ్యి దగ్గర అత్త రాజులమ్మ గంజి కాస్తోంది. బిడ్డ నిలబడలేదని ఆమెకి మంగళవారం కోడలే చెప్పింది. రాజులమ్మ కోడలి తల నిమిరి, "పోన్లే, నువ్వు బాగుండు" అంది. ఈ మాత్రలు నొప్పికి అనుకుంది. ఎవరూ విడమరిచి చెప్పలేదు. తప్పు అక్కడ జరిగింది.

ఆ వీధుల్లో మందు కొనే పద్ధతి ఒకటుంది. చదువు రాని వాళ్ళు మాత్రలయిపోయిన ఖాళీ అట్ట పారెయ్యరు. దాన్ని పట్టుకెళ్ళి షాపులో చూపించి, ఇదే ఇవ్వండి అంటారు. రాజులమ్మ బీపీ మాత్రలు అలాగే తెచ్చుకుంటుంది. కోడలి మంచం మీద నాలుగు గుంటలూ ఖాళీ అయిన అట్ట చూసింది. ఒక్కసారికే నాలుగూ అయిపోయాయి, సాయంత్రం నొప్పొస్తే పిల్ల ఏమైపోతుంది అనుకుంది. గంజి దించి, అట్ట చెంగున ముడేసుకుని, కోడలికి ఇంకో నాలుగు తెద్దామని సందు చివర మందుల షాపుకి వెళ్ళింది. ప్రేమతోనే వెళ్ళింది. అది గుర్తు పెట్టుకోండి.

షాపు గణేశ్వరరావు అట్ట తిప్పి చూశాడు.

"ఇది కడుపు తీసీ మాత్ర కదా రాజులమ్మా. చీటీ నేకుండా ఇవ్వకూడదు. ఎవరికి?"

అతను అబద్ధం చెప్పలేదు. సగం చెప్పాడు. పక్కన నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళలో జోగులమ్మ ఉంది. జోగులమ్మ వింటే వీధి విన్నట్టే.

రాజులమ్మ వెనక్కి వచ్చేటప్పటికి మాత్రలు పెట్టుకుని పదిహేను నిమిషాలయింది. అట్ట కోడలి ఒళ్ళోకి విసిరింది.

"ఏటే ఇది? కడుపు తీసీ మాత్రంట. నలుగురి ముందు సెప్పేడు. మంగళారం పోనాదన్నావు, అది అబద్దమా?"

రోజారమణి నోరు తెరవబోయింది. అప్పలలక్ష్మి గడ్డం కింద చెయ్యి పెట్టి మూసింది.

"ఓలె, దాని నోరు మూస్తావేటి నువ్వు?"

"నోట్లో మాత్రలున్నాయి పెద్దమ్మా. అరగంట ఉంచుకోవాల. నాను సెప్తాను, ఇను. బిడ్డ ముందే పోనాది. ఈ మాత్ర రెండిటికీ వాడతారు. ఉన్నది తీయడానికీ ఇదే, పోయినది బయటికి రాడానికీ ఇదే."

"నువ్వు సెప్పకు. ఆసుపత్రికి తిప్పిందే నువ్వు. నీ మాట నాకెందుకు? దాన్ని సెప్పమను."

అది చెప్పలేదు. రెండు బుగ్గల్లో రెండేసి మాత్రలు సగం కరిగి ఉన్నాయి.

"ఏటి, సూపర్‌వైజరు మీద అంతెత్తున లెగుస్తావు. నా మీద లెగుస్తావు. ఇయ్యాల నోరు పడిపోనాదా?" రాజులమ్మ గడపలో నిలబడిపోయింది. "నెల కిందట పంపు కాడ ఏటన్నావు? 'ఇప్పుడే ఎందుకొచ్చిందో' అన్నేదూ? నాను ఇన్నాను. ఇని ఊరుకున్నాను. అలిసిపోయి అంటందనుకున్నాను. దీనికా ఆ మాటన్నావు?"

రోజారమణి ఆ మాట అంది. అది నిజం. ఫ్యాక్టరీలో కొత్తగా మేస్త్రీ పని ఇస్తామన్న వారంలోనే కడుపు అని తెలిసింది. ఎవరైనా అంటారు. అన్న మాట ఎప్పుడు వచ్చి పీక పట్టుకుంటుందో అనేటప్పుడు తెలీదు.

ఆమె దిండు కింద నుంచి స్కాన్ కాగితాలు లాగి చాపింది. రాజులమ్మ వాటిని చూడను కూడా చూడలేదు.

"కాయితం సూపిస్తావేటి? సదువు రాదని తెలిసీ సూపిస్తావు. ఆ కాయితం మీద నీకేటి కావాలంటే అది రాయించుకోవచ్చు."

"పెద్దమ్మా, కూకో. ఇంకో పదమూడు నిమిషాలే" అంది అప్పలలక్ష్మి.

"నీ గడియారం నీ కాడే ఉంచుకో."

రాజులమ్మ బొడ్లోంచి ఫోను తీసి కొడుక్కి కొట్టింది. నాగేంద్ర నక్కపల్లి దగ్గర హైవే మీద కంకర లారీ తోలుతున్నాడు. బండి పక్కకి తీసి విన్నాడు.

"దానికియ్యి" అన్నాడు.

రాజులమ్మ ఫోను కోడలి చెవి దగ్గర పెట్టింది.

"రమణీ. ఎవులేటన్నా నాకక్కర్లేదు. నువ్వు కాదంటే కాదు. సెప్పు."

ఒక్క మాట చాలు. రెండు అక్షరాలు. పెదాలు కదిపితే అయిపోతుంది. అప్పలలక్ష్మి ఫోనులోకి వంగి, "నాగేంద్రా, దాని నోట్లో" అనేలోపు రాజులమ్మ మోచేత్తో తోసేసింది. రోజారమణి కళ్ళలోంచి నీళ్ళు కారి బుగ్గల మీదికి వచ్చాయి. పళ్ళు బిగించింది. ముక్కుతో ఊపిరి తీసింది. ఆ ఊపిరి ఒక్కటే అతనికి వినబడి ఉంటుంది.

"నేనొస్తన్నాను" అని ఫోను పెట్టేశాడు.

మాట్లాడటం ధైర్యమని మనం అనుకుంటాం. నిజమే, ధైర్యమే. కానీ మాటలున్న మనిషి, తన పక్కన న్యాయం ఉన్న మనిషి, కట్టుకున్నవాడు అడుగుతుంటే తన ఒంటి కోసం నోరు కట్టుకుని కూర్చోవడాన్ని ఏమనాలో నాకు తెలీదు. అంతకన్నా పెద్ద మాట కావాలి.

తొమ్మిది నిమిషాలుండగా రాజులమ్మ మంచం మీదికి వచ్చి కోడలి రెండు బుగ్గలూ పట్టుకుంది. అప్పలలక్ష్మి లేవబోయింది. రాజులమ్మ గొంతు మారిపోయింది.

"ఉమ్మీ తల్లీ. ఇంకా కరగలేదు కదా. ఉమ్మీస్తే బతుకుతాదేమో. నీ పనికి నువ్వెల్లు. నాను పెంచుతాను. నువ్వు ముట్టక్కర్లేదు, నాను పెంచుతాను. ఉమ్మీయమ్మా."

కోపమైతే రోజారమణి తోసేసేది. ఇది కోపం కాదు. ఆ ముసలామె పట్టుకున్నది బుగ్గల్ని కాదు, లోపల ఇంకా ఉందనుకున్న దాన్ని. రోజారమణి అత్త రెండు చేతులూ మణికట్ల దగ్గర పట్టి మెల్లగా దించింది. దించి వదల్లేదు. తన ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో మూసింది. అత్త లాక్కోబోయింది. వదల్లేదు. ముగ్గురూ అలాగే ఉన్నారు. బయట అరటిపళ్ళ బండివాడు అరుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అలారం మోగింది. అప్పలలక్ష్మి గ్లాసు అందించింది. రోజారమణి నీళ్ళు పుక్కిలించి, మిగిలిన మందంతా మింగింది. ఇంకో గుక్క తాగింది. వీధంతా వినబడేలా అరుస్తుందనుకుంది అప్పలలక్ష్మి. ఆమె అరవలేదు.

"అత్తా, అది నేదు. పోయిన వారమే నేదు."

రాజులమ్మ చూస్తోంది.

"పోయిన వారం మంగళారం స్కాన్ తీసేరు. గుండె కనబళ్ళేదు. లెక్క తప్పిందేమో, వారం ఆగి మళ్ళీ సూద్దాం అంది డాక్టరమ్మ. తొందరపడి మాత్రలివ్వనంది. ఆ వారం ఎవులికీ సెప్పొద్దన్నాను, ఈ అక్క సేత కూడా ఒట్టేయించేను. నాగేంద్రకి సెప్పలేదు. నీకెలా సెప్పనత్తా? నువ్వు ఉపమాక గుడికెల్లి కొబ్బరికాయ కొట్టేవు. సేప తలకాయ పులుసెట్టి ఇద్దరికి తినమన్నావు. తిన్నాను."

గ్లాసు కింద పెట్టింది. మళ్ళీ అందుకుంది.

"అప్పటికే వాంతులు ఆగిపోనాయి నాకు. కడుపులో పోతే ఆగిపోతాయంట. నువ్వు కనిపెట్టీస్తావని, పొద్దున్నే పెరట్లోకెల్లి ఊరికే ఓక్ ఓక్ మని కక్కీదాన్ని. నువ్వు లోపల్నించి నిమ్మకాయ పట్టుకుని పరిగెత్తుకొచ్చీదానివి. ఆ వారమంతా రోజూ కక్కేను. మళ్ళీ స్కాన్ తీసేరు. నేదన్నారు. అప్పుడు సెప్పేను నీకు."

రాజులమ్మ నోరు కొద్దిగా తెరుచుకుంది.

"ఇప్పుడే ఎందుకొచ్చిందో అన్నాను, నిజిమే. అన్న నాలుగో రోజుకి పేరు కూడా అనుకున్నాను. రెండూ నేనే అత్తా. అన్నదీ నేనే, అనుకున్నదీ నేనే."

"మాటన్నందుకు ఏ బిడ్డా పోదు పెద్దమ్మా" అంది అప్పలలక్ష్మి నెమ్మదిగా. "పనిచేసినందుకు కూడా పోదు. డాక్టరమ్మ అది కూడా సెప్పింది. ఇది రెండుసార్లు అడిగి మరీ సెప్పించుకుంది."

రాజులమ్మ లేచింది. పొయ్యి దగ్గరికి వెళ్ళింది. గిన్నె ముట్టుకుని చూసింది.

"గంజి సల్లారిపోనాది" అంది. "ఏడి సేస్తాను. తాగు."

క్షమించమని అడగడం ఆమెకి రాదు. ఎవరూ నేర్పలేదు. గంజిలో ఉప్పు ఎక్కువ వేసింది. కోడలు అంతా తాగింది.

పన్నెండుకి వణుకు వచ్చింది. మాత్రకి వస్తుంది, భయపడక్కర్లేదని అప్పలలక్ష్మి చెప్పినా రాజులమ్మ రెండు దుప్పట్లు కప్పి మీద తన చీర కూడా కప్పింది. తర్వాత నొప్పి. నడుంలోంచి తొడల్లోకి దిగే నొప్పి. నొప్పి మాత్ర వేశారు. రక్తం మొదలయింది.

"పెద్దమ్మా, బాగా ఇను" అంది అప్పలలక్ష్మి. "రక్తం ఎక్కువే అవుతాది. ముద్దలొస్తాయి. అవి రావాల. కానీ గంటలో పెద్ద ప్యాడ్లు రెండు నిండిపోయి, పై గంటలో కూడా రెండు నిండిపోతే ఆగకూడదు. కళ్ళు తిరిగినా ఆగకూడదు. నాకు ఫోను కొట్టు, ఆటో ఎక్కించు. మర్నాటికీ జ్వరం తగ్గకపోయినా అంతే. నాను ఇంకో ఈదిలో బాలింతని సూసొస్తాను."

రాజులమ్మకి అంకెలు రావు. లెక్క వచ్చు. మట్టి కుండలోంచి గుప్పెడు చింతపిక్కలు తీసుకొచ్చి కిటికీ గట్టు మీద పోసింది. ప్యాడ్ మార్చినప్పుడల్లా ఒక పిక్క ఈ పక్కకి జరిపింది. గోడ గడియారంలో పెద్ద ముల్లు పైకి వచ్చినప్పుడల్లా కింద బొగ్గుతో ఒక గీత గీసి, కొత్త వరస మొదలుపెట్టింది. మొదటి గంట ఒక పిక్క. రెండో గంట రెండు. ఆ గంటంతా ఆమె ఫోను చేతిలో పట్టుకునే ఉంది. మూడో గంట ఒకటి. నర్సుల చార్టుల్లో తప్పులుండొచ్చు. ఆ గట్టు మీద లేవు.

రెండో గంటలోనే లోపలిది బయటికి వచ్చింది. పెరటి బాత్రూములో రోజారమణి గోడ పట్టుకుని కూర్చుంటే, వెనకనుంచి రాజులమ్మ నడుం పట్టుకుని నిలబడింది. అంతా ముద్ద. అందులో ఇది బిడ్డ అని చెప్పడానికి ఏమీ లేదు. అయినా రాజులమ్మ దాన్ని నీళ్ళతో కొట్టెయ్యనివ్వలేదు. అరిటాకు ముక్కలోకి తీసి, గునపంతో పెరట్లో మూరెడు తవ్వి పెట్టి మట్టి కప్పింది. పసుపు చల్లింది. చేతులు కడుక్కుని వచ్చి కోడలికి వేణ్ణీళ్ళు పోసింది. పోస్తూ, "నాకూ ఒకటి పోనాది. నాగేంద్ర ముందు" అంది. ఇంకో చెంబు పోసింది.

నాగేంద్ర లారీ ఎవరికో అప్పగించి, బండి మార్చి బండి ఎక్కి వచ్చేటప్పటికి మూడయింది. వస్తూనే, "ఏదది?" అన్నాడు. రాజులమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"తప్పు నాది. సగం మాట ఇని నీకు కొట్టేను. లోపలికెల్లి కాళ్ళ కాడ కూకో. అది సెప్తే ఇను. సెప్పకపోతే పిసుకు."

అతను వెళ్ళి కూర్చున్నాడు. రోజారమణి చెప్పింది. వారం కక్కిన సంగతి చెప్పేటప్పుడు అతను ఆమె పాదం పట్టుకుని తల దించుకున్నాడు. ఆమె "ఫోనులో అడిగేవు గదా" అంది. "కాదు. అదీ జవాబు." అని అటు తిరిగి పడుకుంది.

పదిహేను రోజుల తర్వాత స్కాన్‌లో లోపల ఏమీ మిగల్లేదని తేలింది. బల్ల ఎక్కలేదు. పట్టుబట్టిన మాట నెగ్గించుకుంది. అది తర్వాతి సంగతి. ఆ సాయంత్రం ఇంకో పని మిగిలి ఉంది.

నాలుగున్నరకి జోగులమ్మ వచ్చింది. వస్తుందని అందరికీ తెలుసు. గుమ్మం బయట నిలబడి మెడ లోపలికి పెట్టింది.

"ఏటి రాజులమ్మొదినా, కోడలికి ఒంట్లో బాగులేదంట. గణేశ్వరరావు ఏటో అంటన్నాడు, నాకు సరిగా ఇనబళ్ళేదు."

ఇలాంటప్పుడు మన ఇళ్ళల్లో ఏం చేస్తారో తెలిసిందే. జ్వరమంటారు. గేస్ట్రబులంటారు. తలుపు దగ్గరగా వేస్తారు. ఆ తలుపు వెనక ఆడది ఏ నేరమూ చెయ్యకుండానే నేరస్తురాలవుతుంది. రాజులమ్మ తలుపు బార్లా తీసింది. పీట తెచ్చి గుమ్మంలో వేసింది.

"కూకో. సరిగా ఇను."

జోగులమ్మ కూర్చుంది.

"గణేశ్వరరావు నిజిమే సెప్పేడు. ఆ మాత్రే. నా కోడలి కడుపులో బిడ్డ పోనాది. దానంతటదే పోనాది. లోపల ఉండిపోతే ప్రేణానికి మంచిది కాదని డాక్టరమ్మ ఆ మాత్ర ఇచ్చింది. పొద్దున్న నోట్లో ఎట్టుకుంది. నాను ఉమ్మీమన్నాను. నానా మాటలన్నాను. అది ఉమ్మలేదు. ఉమ్మీస్తే ఇప్పుడు ఆసుపత్రిలో ఉందుము. మద్దినేళ దాకా రక్తం పోనాది. ఇప్పుడు పడుకుంది." ఊపిరి తీసుకుంది. "ఈదిలో సెప్పు. సెప్పీటప్పుడు మొత్తం సెప్పు. సగం సెప్పేవంటే నీ ఇంటికొచ్చి మిగతా సగం నాను సెప్తాను."

జోగులమ్మ చెంగు చివర మడతపెడుతూ కూర్చుంది. లోపల మంచం మీద రోజారమణికి మెలకువ వచ్చింది. ప్రతి మాటా వినబడింది. ఈసారి తన తరఫున ఇంకొకరు మాట్లాడుతున్నారు. కళ్ళు మూసుకుని పడుకుంది.

"పాలున్నాయా ఇంట్లో?" అంది జోగులమ్మ.

"ఇరిగిపోనాయి."

"మా గేదె పాలు పంపుతాను. కాసి ఇయ్యి."

"పంపు" అంది రాజులమ్మ. లేచి, గడియారం ముల్లు చూసుకుని, చింతపిక్కలున్న కిటికీ గట్టు దగ్గరికి వెళ్ళింది.